న్యూరాలజిస్టు కావాలనుకునేవారికి: చదువు, ఓపీ గది, రాత్రి పిలుపులు

తెలుగులో నరం అనే మాట ఒకటే అయినా అది మూడు వేర్వేరు వాటికి చెల్లుతుంది. సెలైన్ ఎక్కించబోయిన నర్సు ‘నరం దొరకడం లేదు’ అన్నప్పుడు అది సిర. మెడ తిప్పలేనివాడు ‘నరం పట్టేసింది’ అన్నప్పుడు అది కండరం. పాదాలు తిమ్మిరెక్కిన షుగర్ రోగి ‘నరాలు దెబ్బతిన్నాయట’ అన్నప్పుడు మాత్రమే అది నిజంగా నాడి. అందువల్ల న్యూరాలజీ ఓపీ బయట బెంచీల మీద పక్షవాతం వచ్చినవారి పక్కనే కాళ్ళలో సిరలు ఉబ్బినవారు, నడుము పట్టేసినవారు, నిద్ర పట్టనివారు, గోడల మీద ‘నరాల బలహీనత’ ప్రకటనలు చదివి బెదిరిపోయి వచ్చిన కుర్రాళ్ళు కూడా కూర్చుని ఉంటారు. వీరిలో ఎవరు తన రోగి, ఎవరిని ఏ విభాగానికి పంపాలి అన్నది ఎవరినీ చిన్నబుచ్చకుండా తేల్చడం ఈ వృత్తిలో ప్రతి ఉదయం మొదటి పని.

మెదడు, వెన్నుపాము, వాటి నుంచి బయలుదేరే నాడులు, ఆ నాడులు ఆడించే కండరాలు, వీటికి వచ్చే జబ్బులను కత్తి పట్టకుండా మందులతో చూసేవాడు న్యూరాలజిస్టు. కపాలం తెరిచి గడ్డ తీసేవాడు న్యూరోసర్జన్. కుంగుబాటు, భ్రమలు, వ్యసనాల వంటివి సైకియాట్రిస్టు చూస్తాడు. బంధువులు ఈ ముగ్గురినీ కలిపి ‘నరాల డాక్టర్’ అనే అంటారు గనుక, ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు తర్వాత కూడా ‘మీరు ఆపరేషన్లు చేయరా?’ అన్న ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

చదువు దారి

ఇంటర్‌లో బైపీసీ, నీట్, నాలుగున్నరేళ్ళ ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్ వరకు ఏ డాక్టరుకైనా దారి ఒకటే. ఆ తర్వాత నీట్ పీజీ రాసి మూడేళ్ళ ఎండీ జనరల్ మెడిసిన్ చేయాలి. పిల్లల వైద్యంలో ఎండీ చేసినవారికి కూడా న్యూరాలజీలోకి అర్హత ఉంది. అది పూర్తయ్యాక నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష రాసి మూడేళ్ళ డీఎం న్యూరాలజీలో గాని, నేషనల్ బోర్డు నడిపే డీఆర్‌ఎన్‌బీలో గాని చేరాలి. ఎయిమ్స్, జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్‌హాన్స్ వంటి సంస్థలకు ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది. నిమ్‌హాన్స్ లాంటి కొద్ది చోట్ల ఎంబీబీఎస్ నుంచి నేరుగా డీఎంలో చేరే దీర్ఘకాలిక కోర్సు కూడా ఉంది కాని, సీట్లు చాలా తక్కువ. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాదులోని నిమ్స్, ఉస్మానియా, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాల, గుంటూరు వైద్య కళాశాల, తిరుపతి స్విమ్స్ వంటి చోట్ల డీఎం శిక్షణ ఉంది. కొన్ని పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో డీఆర్‌ఎన్‌బీ సీట్లున్నాయి.

చదువు మాత్రమే కూడితే పదకొండున్నరేళ్ళు. మూడు ప్రవేశ పరీక్షల దగ్గరా సన్నద్ధతకు పోయే కాలం, ప్రభుత్వ సీట్లతో వచ్చే బాండు సేవ, అంటే చదివాక ప్రభుత్వానికి తప్పనిసరిగా చేయవలసిన ఉద్యోగం, కలుపుకుంటే, పదిహేడేళ్ళ వయసులో ఇంటర్ ముగించిన విద్యార్థి సొంతంగా న్యూరాలజిస్టు బోర్డు కింద కూర్చునేసరికి ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళు రావడం మామూలే. ఇంజనీరింగ్ చదివిన క్లాసుమేటు రెండో ఇంటికి ఈఎంఐ కడుతున్న రోజుల్లో మీరు స్టైపెండు మీద బతుకుతుంటారని ఇంట్లోవారికి ముందే చెప్పి పెట్టడం మంచిది. బాండు షరతులు రాష్ట్రానికీ ఏడాదికీ మారుతుంటాయి గనుక, కౌన్సెలింగులో సీటు ఖాయం చేసుకునే ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌ను మీరే చదవాలి. సీనియర్లు చెప్పే లెక్క వారి ఏటిది.

ఇక్కడ ఒక సలహా. సూపర్ స్పెషాలిటీ పరీక్షలో జనరల్ మెడిసిన్ అభ్యర్థికి వచ్చే ప్రశ్నలు జనరల్ మెడిసిన్ అంతటి నుంచీ వస్తాయి. న్యూరాలజీ ఒక్కటే బాగా చదివినవాడికి అక్కడ ప్రత్యేకమైన మేలేమీ ఉండదు. కాబట్టి ఎండీ మూడేళ్ళూ వార్డులో కాలేయం, గుండె, మూత్రపిండాల జబ్బులను కూడా శ్రద్ధగా చూసినవాడే న్యూరాలజీ సీటు తెచ్చుకుంటాడు. ఆ శ్రద్ధ తర్వాత కూడా ఊరికే పోదు. సోడియం పడిపోయి తికమకపడుతున్న ముసలాయనను మెదడు జబ్బు అనుకుని మీ వార్డులో చేర్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ మెడిసినే.

ఓపీ గదిలో

ఈ శాఖకు అసలు రుచి రోగి మాట వినడంలో ఉంది. ‘కాళ్ళు సరిగా పనిచేయడం లేదు సార్’ అన్న ఒక్క వాక్యంతో వచ్చిన మనిషిని న్యూరాలజిస్టు అడిగే ప్రశ్నలు బయటివారికి వింతగా ఉంటాయి. నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారిపోయిన సంగతి తెలుస్తోందా, వెనక్కి తిరిగి చూసుకున్నాక తెలుస్తోందా? తెలియకుండా జారితే స్పర్శ పోయినట్టు, తెలిసినా వేళ్ళతో పట్టి ఉంచలేకపోతే బలం పోయినట్టు. కింద పీట మీద కూర్చుని లేవగలుగుతున్నారా? లేవలేకపోతే తొడల, తుంటి కండరాలు బలహీనపడ్డాయి. పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు కళ్ళు మూసుకోగానే తూలుతున్నారా? తూలితే కాళ్ళ స్థితిని మెదడుకు చెప్పే దారులు వెన్నుపాములోనో నాడుల్లోనో తెగిపోతున్నాయి. చేతుల సంగతికొస్తే అన్నం కలిపి ముద్ద చేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం వేళ్ళ పని చెబుతాయి. జడ వేసుకోవడం, అటక మీది డబ్బా అందుకోవడం భుజాల పని చెబుతాయి. ఈ ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషులో ఉన్నా రోగి ముందు పనికొచ్చేవి తెలుగు ఇంటి పనులే. ఏ ఊరి మనిషి ఏ పని ఎలా చేస్తాడో తెలిసినవాడికి సగం రోగ నిర్ణయం కుర్చీలోంచి లేవకముందే అయిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. యాభై దాటిన ఒక మెట్టరైతు ఆరు నెలలుగా కాళ్ళ తిమ్మిర్లకు విటమిన్ మాత్రలు మింగుతూ, ప్లాస్టిక్ సంచిలో నడుము ఎంఆర్‌ఐ ఫిల్ములు పట్టుకుని వస్తాడు. షుగర్ కొంచెం ఉంది గనుక అందరూ తిమ్మిర్లకు కారణం అదేనన్నారు. నడుము స్కానులో డిస్కు కొద్దిగా జరిగి ఉంది గనుక మరికొందరు అదీ కారణమే అన్నారు. గుండీలు పెట్టుకోవడం గురించి అడిగితే, రెండు నెలలుగా భార్యే పెడుతోందని నవ్వుతూ చెబుతాడు. బల్ల మీద కూర్చోబెట్టి మోకాటి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగిరి పడుతుంది. షుగర్ వల్ల నాడులు దెబ్బతింటే ఆ స్పందన తగ్గాలి గాని పెరగకూడదు. అరికాలి వెలుపలి అంచు మీదుగా మొద్దుగా ఉన్న తాళంచెవి మొనతో గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోవడానికి బదులు నెమ్మదిగా పైకి లేస్తుంది. 1896లో ఫ్రెంచి వైద్యుడు బబిన్‌స్కీ వర్ణించిన ఈ గుర్తు కనబడిందంటే దెబ్బ నాడుల్లో లేదు, మెదడు నుంచి వెన్నుపాము గుండా దిగే దారిలో ఉంది. కాళ్ళతోపాటు వేళ్ళు కూడా మొరాయిస్తున్నాయి గనుక అది నడుములో ఉండడానికి వీల్లేదు, మెడలో ఉండాలి. మెడ స్కాను తీయిస్తే వెన్నుపాము నొక్కుకుపోయి ఉంటుంది. ఆయనకు కావలసింది మాత్రలు కాదు, న్యూరోసర్జన్. ఇంత తేల్చడానికి పట్టింది ఇరవై నిమిషాలు, ఒక సుత్తి, ఒక తాళంచెవి.

జబ్బు ఎక్కడ ఉంది అన్నది ముందు, అది ఏమిటి అన్నది తర్వాత. డీఎం మూడేళ్ళలో ప్రొఫెసర్లు వేల సార్లు అడిగేది ఈ వరుసనే. స్కానుకు పంపితే తెలిసిపోతుంది కదా అనుకునేవారు పై రైతు సంచిలోని ఫిల్ములను గుర్తుంచుకోవాలి. యంత్రం మనం చూపించిన చోటునే చూస్తుంది. ఆ రైతు నల్గొండ జిల్లావాడో ప్రకాశం జిల్లావాడో అయితే మరో ప్రశ్న కూడా అడగాలి: ఎన్నేళ్ళు ఏ బోరు నీళ్ళు తాగారు? ఫ్లోరైడు ఎక్కువైన నీటితో ఎముకలు గట్టిపడి పెరిగి వెన్నుపామును నొక్కడం ఈ ప్రాంతాల న్యూరాలజిస్టులకు కొత్త సంగతి కాదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే ఈ జబ్బు మీద వైద్య నివేదిక వెలువడింది.

సుత్తితోపాటు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, కంటి లోపల నాడిని చూసే ఆఫ్తాల్మోస్కోపు, టార్చి, దూది, గుండుసూది ఉంటే ఓపీ నడుస్తుంది. నాడుల్లో విద్యుత్తు ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష, కండరంలో సూది గుచ్చి చేసే ఈఎంజీ, మెదడు తరంగాలు గీసే ఈఈజీ, నడుములోంచి నీరు తీయడం వీటికి జత చేరతాయి. వీటిని మీ చేత్తో మీరే చేయడం, ఈఈజీ కాగితం మీద కనురెప్పల కదలికను మూర్ఛ అలగా పొరబడకుండా చదవడం శిక్షణలోనే గట్టిగా నేర్చుకోవాలి. టెక్నీషియన్ ఇచ్చిన నివేదిక మీద సంతకం పెట్టడం అలవాటైనవాడికి ఆ విద్య తర్వాత పట్టుబడదు.

రాత్రి పిలుపు

న్యూరాలజీ ఓపీ శాఖ, రాత్రిళ్ళు హాయిగా నిద్రపోవచ్చు అని ఇదివరకు అనుకునేవారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ వచ్చాక ఆ మాట చెల్లకుండా పోయింది. రక్తం ఆగిన చోట నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని ఒక అంచనా. మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఆ మందు ఇవ్వాలి. అందుకని అత్యవసర విభాగంలో మొదటి ప్రశ్న పేరూ వయసూ కాదు, చివరిసారి మామూలుగా ఉండగా ఎవరు చూశారు అన్నది. ‘పొద్దున్నే పాలు పితకడానికి లేచేసరికి మూతి వంకర పోయింది’ అంటే లెక్క లేచిన వేళ నుంచి కాదు, రాత్రి పడుకున్న వేళ నుంచి మొదలవుతుంది. అది ఆ కుటుంబానికి నచ్చజెప్పడం తేలిక కాదు.

వెంటనే వేలి రక్తంతో షుగర్ చూడాలి, ఎందుకంటే షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. సీటీ స్కానులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. బీపీ 185/110 కంటే కిందికి తేవాలి. మనిషి అరవై కిలోలుంటే గడ్డ కరిగించే ఆ మందు, ఆల్టెప్లేస్, కిలోకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున 54 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు ఒక్కసారిగా, మిగిలింది గంటసేపు. ఈ లెక్కలన్నీ సాగుతుండగానే, మందు వల్ల కోలుకునే అవకాశం పెరుగుతుందని, అయితే నూటికి దాదాపు ఆరుగురిలో మెదడులో రక్తస్రావం కావచ్చని, ఏడుస్తున్న కొడుక్కి రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకోవాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే, ఎంపిక చేసిన కొందరిలో 24 గంటల వరకు కూడా తొడ దగ్గర నుంచి కేథటర్ పంపి గడ్డను బయటకు లాగవచ్చు. ఆ పని నేర్చుకోవాలంటే డీఎం తర్వాత న్యూరో ఇంటర్వెన్షన్ శిక్షణ వేరుగా తీసుకోవాలి. ఇక మనలో చాలామంది రోగులు ముందు నాటుమందు పోయించుకుని, పావురం రక్తం రాయించుకుని, రెండో రోజున వస్తారు. కోపం తెచ్చుకుని ప్రయోజనం లేదు. ఆ ఊరి ఆర్‌ఎంపీకి మీ ఫోన్ నంబరు ఇచ్చి, ‘మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏది కనబడినా ముందు నాకు చెయ్యండి’ అని చెప్పి రావడం మేలు. ఒక్క ఊరి నుంచి ఒక్క రోగి వేళకు వచ్చినా ఆ ప్రయాణం గిట్టుబాటే.

ఏళ్ళ తరబడి వచ్చేవారు

పక్షవాతం వార్డు వేగాన్ని కోరుతుంది కాని, న్యూరాలజిస్టు రోగుల్లో ఎక్కువమంది ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి వచ్చేవారే. మైగ్రేన్, మూర్ఛ, పార్కిన్సన్స్, మతిమరుపు ఈ కోవలోవి. మూర్ఛ ఒక్కదాన్ని చూసినా ఈ వృత్తిలో వైద్యం ఎక్కడ ఆగి సంసారం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టమని తెలుస్తుంది. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టవద్దని, నోట్లో ఏదీ దూర్చవద్దని, పక్కకు ఒత్తిగిల్లజేసి ఎన్ని నిమిషాలు వచ్చిందో గడియారం చూసుకొమ్మని చెప్పడం తేలికైన భాగం. కష్టమైనది పెళ్ళి. 1999లో వివాహ చట్టాలను సవరించి, పెళ్ళి రద్దుకు మూర్ఛను కారణంగా చూపే వీలు తీసేశారు. అయినా అమ్మాయికి సంబంధం చూస్తున్న తల్లి తలుపు వేసి వచ్చి ‘పెళ్ళయ్యేదాకా ఈ సంగతి చీటీ మీద రాయకండి’ అని బతిమాలుతుంది. అత్తవారింట్లో దాచుకోలేక మాత్రలు మానేసిన కొత్త పెళ్ళికూతురికి వారంలోపే ఫిట్స్ వచ్చి మీ దగ్గరకే తెస్తారు. ఆమె తల్లి కాబోతుందని ముందే తలచి వాల్‌ప్రోయేట్ వంటి, కడుపులో బిడ్డకు హాని చేసే మందులను తప్పించి వేరేది రాయవలసిన బాధ్యత మీది. ఈ మాటలకు ఓపీలో పది నిమిషాలు చాలవు, అయినా ఆ పది నిమిషాల్లోనే చెప్పాలి.

మతిమరుపు రోగులకు చేసే పరీక్షలు చాలావరకు ఇంగ్లీషు చదివిన సమాజాల్లో పుట్టినవి. అక్షరం రాని అవ్వను గడియారం బొమ్మ గీయమని అడగడంలో అర్థం లేదు. సంక్రాంతికి ముందు రోజు ఏ పండుగ, ఐదు వందల నోటిస్తే కిలో ఉల్లిపాయలకు చిల్లర ఎంత రావాలి అని అడిగితే ఆమె మనసు తెలుస్తుంది. హైదరాబాదు ఈ విషయంలో ప్రపంచానికి ఒక కొత్త సంగతి చూపింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువురానివారిలో కూడా ఈ తేడా ఉందని 2013లో ప్రకటించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి వినబడే నగరం కాబట్టే ఆ ప్రశ్న అక్కడ వేయడానికి వీలయింది. పరిశోధన మీద ఆసక్తి ఉన్నవారికి మన ఓపీలే పెద్ద గని.

నయం కాని జబ్బుల గురించి దాచకుండా చెప్పాలి. మోటార్ న్యూరాన్ జబ్బులో చేతులు, కాళ్ళు, మింగడం, చివరికి ఊపిరి ఒక్కొక్కటే పోతుంటే మనసు మాత్రం తేటగా ఉండి అన్నీ గమనిస్తుంటుంది. ఆ పేరు చెప్పిన రోజున రోగి మీ ముఖం వైపే చూస్తాడు. నేను మొదట్లో ఈ కబురు కొడుకులకు మాత్రమే చెప్పి తప్పించుకునేవాడిని. రోగి ఒకాయన మూడో విజిట్‌లో ‘నాకు చెప్పకపోతే పొలం ఎవరికి రాయాలో నేనెప్పుడు తేల్చుకోవాలి?’ అని నిలదీశాక మానేశాను. మరోవైపు, కాళ్ళు చేతులు చచ్చుబడి వెంటిలేటర్ మీదికి వెళ్ళిన గిలాన్ బారే అనే నాడుల జబ్బు రోగి, ఐదు రోజుల ఇమ్యునోగ్లోబులిన్ మందుతోనో ప్లాస్మా మార్పిడితోనో నిలదొక్కుకుని, కొన్ని నెలలకు నడుచుకుంటూ ఓపీకి రావడం కూడా ఈ శాఖలోనే చూస్తాం.

ఆదాయం, ఉద్యోగం

ప్రభుత్వ వైద్య కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరితే బోధన, రోగుల వైవిధ్యం, పింఛను నిబంధనల ప్రకారం భద్రత ఉంటాయి. ఓపీ రద్దీ మాత్రం ఊపిరి తిప్పుకోనివ్వదు. కార్పొరేట్ ఆసుపత్రులు మొదటి ఒకటి రెండేళ్ళు ఎంజీ, అంటే కనీస హామీ మొత్తం ఇచ్చి, తర్వాత మీరు తెచ్చిన ఆదాయంలో వాటాకు మారుస్తాయి. ఒప్పందంలో ఆ రెండో భాగాన్నే ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. కార్డియాలజీ, గ్యాస్ట్రో వంటి ప్రొసీజరు శాఖలతో పోలిస్తే మామూలు న్యూరాలజిస్టు రాబడి తక్కువ, ఎందుకంటే అతను అమ్మేది ముఖ్యంగా తన సమయం. నేను పనిచేసిన ఒక చోట ప్రతి తలనొప్పికీ ఎంఆర్‌ఐ రాయడం లేదని నెలాఖరున లెక్క చూపించి అడిగారు. అలాంటి అడగడాలు ఎక్కడైనా ఎదురవుతాయి, మీ గీత ఎక్కడో ముందే గీసుకుని ఉండాలి. ఒంగోలు, అనంతపురం, కరీంనగర్ వంటి పట్టణాల్లో ఈఈజీ, నాడీ పరీక్ష యంత్రాలు పెట్టుకుని సొంత క్లినిక్ నడపడం ఇప్పుడు మంచి దారే. పోటీ హైదరాబాదులో ఉన్నంత ఉండదు, రోగి బస్సు ఛార్జీలు మిగులుతాయి.

అమెరికా వెళ్ళాలనుకునేవారు ఇక్కడ ఎండీ, డీఎం చేయనక్కరలేదు. ఎంబీబీఎస్ తర్వాత అక్కడి వైద్య లైసెన్సు పరీక్షలైన యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి, మొదటి ఏడు ఇంటర్నల్ మెడిసిన్ ఎక్కువగా ఉండే నాలుగేళ్ళ న్యూరాలజీ రెసిడెన్సీలో చేరవచ్చు. డీఎం ముగించాక వెళ్ళినా అక్కడ చాలా రాష్ట్రాల్లో మళ్ళీ రెసిడెన్సీ చేయాల్సి వస్తుంది గనుక, ఈ నిర్ణయం ఇంటర్న్‌షిప్‌లోనే జరగాలి.

సీటు ఎంచుకునే ముందు

ఎంబీబీఎస్‌లో ఉన్నవారు మొదటి ఏడాది న్యూరో అనాటమీని పరీక్ష కోసం కాక బొమ్మలు గీస్తూ చదవండి, ఆ బొమ్మలే జీవితాంతం పనికొస్తాయి. వార్డులో వారానికి ఒక రోగిని ఎంచుకుని తల నుంచి పాదం దాకా పూర్తి నాడీ పరీక్ష చేసి, జబ్బు ఎక్కడ ఉందో రాసి, ఆ తర్వాతే స్కాను కవరు తెరవండి. ఎండీ చివరి ఏట ఉన్నవారు కౌన్సెలింగుకు ముందు రెండు రోజులు ఏదైనా న్యూరాలజీ ఓపీలో అనుమతి తీసుకుని ఒక మూల కూర్చోండి. అరుదైన జబ్బులు, కేసు చర్చలు ఎవరికైనా ఆసక్తిగానే ఉంటాయి కాబట్టి వాటిని బట్టి తేల్చుకోవద్దు. మధ్యాహ్నం రెండు గంటల వేళ, అరవయ్యో చీటీగా లోపలికి వచ్చిన పార్కిన్సన్స్ పెద్దాయన, మాత్ర ఏ వేళకు వేసుకుంటే ఎంతసేపు చెయ్యి వణకదో, అన్నంతోపాటు వేసుకుంటే ఎందుకు పనిచేయడం లేదో నిదానంగా, తడబడుతూ చెబుతుంటాడు. అప్పుడు మీకు గడియారం వైపు చూడాలనిపిస్తోందో, ఆయన మాత్రల వేళలు కాగితం మీద రాసుకోవాలనిపిస్తోందో గమనించుకోండి.